బండల లారీకి ఎదురొచ్చిన రోజు

పత్రికల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మొన్న నంద్యాలలో మా ఇంటికి వచ్చారు. దేశాలు దాటిన దొంగల ముఠాల మీద మీరు పనిచేశారట కదా అవ్వా, ఎట్లా చేశారో చెప్పండి అన్నారు. ముందు నవ్వు వచ్చింది. నాకు తెలిసిన దూరదేశం కర్నూలు. అక్షరాలు పెద్దవైతే కూడబలుక్కుని చదువుతాను, రాయడమంటే సంతకం వరకే. అందుకని నేను చెప్తుంటే పక్కింటి పంతులమ్మ రాస్తోంది. నా నోరు మొరటు. అక్కడక్కడా నున్నగా చేస్తానంటోంది. చేయనీ. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మాట్లాడినట్టే ఉంచమన్నాను.

డెబ్బైల్లో చిన్న ఊళ్లలో పేపరు ఏజెంటే విలేకరి. పేపరు అమ్మేవాళ్లే ఊరి వార్త కూడా పంపాలి. ఆళ్లగడ్డలో ఆ రెండు పనులూ మా ఆయన చేసేవాడు. ఆయన జ్వరంతో పోయాడు. కర్మలు కాగానే పేపరు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, ఏజెన్సీ ఇంకొకరికి రాసిద్దామని. నేను తలుపు చాటు నుంచే అడిగాను.

"ఇన్నాళ్లూ బస్సు కాడ పేపరు కట్టలు దించింది ఎవరప్పా?"

"మీరేనమ్మా."

"ఇంటింటికీ ఏసింది?"

"మీరే."

"మరి మీకు పోయిందేముంది? పోయింది నాకు."

ఆయన తల గోక్కుని, వార్తలు ఎవరు రాస్తారమ్మా అన్నాడు. నేను చెప్తాను, రాసేవాళ్లు రాస్తారు అన్నాను. అట్లా విలేకరినయ్యాను. గుర్తింపు కార్డు మీద మాత్రం చాలా ఏళ్లు మా ఆయన ఫోటోనే ఉండేది. ఎవరూ అడగలేదు. అడిగితే మీసం తీసేశానని చెబుదామనుకున్నాను.

నా చోటు ఆళ్లగడ్డ బస్టాండులో, టీ అంగడి పక్కన. పొద్దున్నే ప్రయాణం పోయేవాళ్లకు బొట్టులేని ముఖం కనపడకూడదు కదా. టీ అంగడాయన మంచివాడే, బేరం పోతుందని భయం. "అక్కా, రోంత ఆ స్తంభం చాటుకు జరుగు" అన్నాడు. జరిగాను. వచ్చేవాళ్లు చేయి చాపి పేపరు తీసుకుని ముఖం అటు తిప్పుకునేవాళ్లు. పిల్లలూ, ఇది మాత్రం రాసుకోండి. ముఖం తిప్పుకున్న మనిషి, మనం అక్కడ లేమనుకుంటాడు. సారా ఎక్కడ దిగిందీ, ఏ కాంట్రాక్టరు ఎవరి ఇంటికి పోయాడూ, ఎవరి మనుషులు ఎవరి కోసం కాపు కాశారూ, అన్నీ స్తంభానికి అవతల నిలబడి సావకాశంగా మాట్లాడుకునేవాళ్లు. మీకిప్పుడు ఏవేవో మిషన్లు ఉన్నాయి. నాకు అపశకునం ఉండేది.

నేను తెచ్చిన వార్తను రాసేది నంద్యాలలో మా పెద్ద విలేకరి. మధ్యాహ్నం బస్సుకు నంద్యాల పోయి ఆయనకు చెప్పి, పొద్దు గుంకేలోపల ఆళ్లగడ్డ చేరేదాన్ని. ఆయన రాసి, కవరులో పెట్టి, బస్సు డ్రైవరు చేతికిచ్చి ఆఫీసుకు పంపేవాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట చెప్పించుకున్న మొదటి మనిషి ఆయన. అయితే ఒక పిచ్చి ఉండేది. బొంబాయి నుంచి వచ్చే ఇంగ్లీషు పత్రికలు చదివి చదివి, ఎక్కడ ఏం జరిగినా వెనక అంతర్జాతీయ ముఠా ఉందనేవాడు. నల్ల కళ్లద్దాలు ఇంట్లో కూడా తీసేవాడు కాదు. సైకిలు పోయిందని చెబితే గొంతు తగ్గించేవాడు.

"ఎలాంటి సైకిలు?"

"పాల సైకిలు సార్."

"ఊళ్లో విదేశీయులెవరైనా తిరిగారా?"

"యూరియా అమ్మను ఒకాయన వచ్చినాడు సార్. గుంటూరాయన."

అది కూడా రాసుకునేవాడు. ఆఫీసువాళ్లు అంతా కొట్టేసి, సైకిలు పోయింది అని ఒక్క ముక్క వేసేవాళ్లు. ఆ ముక్క చూసి ఆయన, "వాళ్లను కూడా కొనేశారు" అనేవాడు.

అట్లాంటి రోజుల్లో, ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల కిందున్న ఒక పల్లెలో వేణుగోపాలస్వామి విగ్రహం పోయింది. ఊరేగింపుకు తీసే పంచలోహ విగ్రహం. మూరెడు ఎత్తు. ఎంత పాతదో ఊళ్లో ఎవరికీ తెలియదు. గుడి తాళం తాళం మాదిరే ఉంది, లోపల స్వామి లేడు. తాళంచెవి పూజారి మొలతాడుకు ఉంటుంది. అంతకు మించి ఆలోచించే అలవాటు పోలీసులకు లేదు. ముసలాయనను పట్టుకొచ్చి ఆళ్లగడ్డ స్టేషన్లో కూర్చోబెట్టారు. దొంగలు గుడి పైకప్పు బండ జరిపి దిగారని తేలింది తరువాతి సంగతి.

ఆయన భార్య బస్టాండుకు వచ్చింది. స్తంభం చాటుకు వచ్చి, నా ముఖం సూటిగా చూసి మాట్లాడింది. అట్లా చూసి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి బాగా గుర్తు.

"పేపరమ్మా, ఆయన అన్నం తినడం లేదు."

"స్టేషన్ కూడు ఆయనేం తింటాడమ్మా. ఇంట్లో వండి తీసకపో."

"తీసకపోయినా. ముట్టలేదు. స్వామికి నైవేద్యం పెట్టకుండా ఈయన ఏనాడూ ముద్ద నోట్లో పెట్టలేదు. పెండ్లి నాడు గూడా నన్ను పీటల మింద కూర్చోబెట్టి గుడికి పోయొచ్చినాడు. ఇప్పుడు స్వామే లేడాయె. ఎవరికి పెట్టాల, ఈయనెప్పుడు తినాల?"

స్టేషన్‌కు పోయి చూశాను. ఆయన మూలన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

"సామీ, దేవుడు దొరికేదాంక ఉట్టి నీళ్లేనా?"

"స్వామి యాడుండాడో, ఆయనకు ఎవరన్నా ఇంత పెట్టినారో లేదో. నేనెట్ల తినేదమ్మా?"

ఇల్లు వదిలిపోయిన బిడ్డను గురించి చెప్పినట్టు చెప్పాడు. ఎస్సై కుర్చీలోంచి నవ్వాడు. "అంతా నాటకం పేపరక్కా. ఆకలి ముదిరితే యాడ దాచినాడో ఆయనే చెప్తాడు." చెప్పడానికి ముసలాయన దగ్గర ఏమీ లేదని నాకు తెలుసు. విగ్రహం దొరక్కపోతే ఆయన ఆ మూలనే పోతాడని కూడా తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం నంద్యాలలో ఈ సంగతి చెబితే పెద్ద విలేకరి కళ్లద్దాలు తీశాడు. ఆయన కళ్లు చూడడం అదే మొదలు. పాపం, చాలా చిన్నవి.

"ఇదే అమ్మా. ఇదే. మద్రాసు రేవులో మన దేవుళ్లు ఓడలెక్కిపోతున్నారు. లండన్లో, అమెరికాలో కొనేవాళ్లున్నారు. అంతర్జాతీయ ముఠా."

ఈసారి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పాల సైకిలు నుంచి మొదలుపెట్టి అదే మాట అంటూ వచ్చాడు కాబట్టి, నిజం చెప్పిన రోజు నాకు కూడా నమ్మబుద్ధి కాలేదు.

"వాళ్లు తెల్ల కార్లలో వస్తారు" అన్నాడు. "తెల్ల కారు కనిపిస్తే వెంటనే ట్రంక్ కాల్ చెయ్యి."

"ఆళ్లగడ్డలో తెల్ల కారు డాక్టరుగారిది ఒగటే ఉంది సార్."

"ఆయన మీద కూడా కన్నేసి పెట్టు."

మరునాడు పొద్దున బస్టాండు ముందర ఒక బేతంచెర్ల బండల లారీ ఆగింది. ఇళ్లలో నేలకు పరిచే నాపబండలు, నిలువుగా పేర్చి, సందుల్లో గడ్డి కూరి, తాళ్లు బిగించి. ఆ దోవన ఎప్పుడూ పోయేవే. డ్రైవరు తెలిసిన ముఖమే, ఆ చుట్టుపక్కల మనిషి. శకునాల పిచ్చి ఉన్నవాడు. పిల్లి అడ్డమొస్తే లోడు లారీని తిప్పుకుని ఇంటికి పోయాడని బస్టాండంతా చెప్పుకునేది. ఆ రోజు అతని పక్కన మద్రాసు మనిషి ఒకడు దిగాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు, చేతిలో పెట్టె. టీ కోసం వస్తూ డ్రైవరు స్తంభానికి ఇవతలి పక్కకు వచ్చాడు. నా ముఖం ఎదురుగా పడింది.

"థూ" అని తల తిప్పుకున్నాడు. "పొద్దన్నే ఎవరి మొగం సూపిచ్చినావు దేవుడా. సామిని పెట్టుకోని పోతాంటే ఇట్లనా జరిగేది."

మద్రాసాయన అతని మోచేయి గిల్లాడు. "సామి ఏంది? బండ. బండ అని చెప్పు."

"బండేలేప్పా. బండను పెట్టుకోని పోతాంటే."

"సరి, ఎక్కు. పోదాం."

"ఇప్పుడెట్ల పోతాం? ఆయమ్మ కనపడె కదా. కాళ్లు కడుక్కోని, నీళ్లు తాగి, రోంచేపు కూర్చోని లేసి పోవాల. లేకుంటే యాక్సిడెంటే."

అన్నట్టే కాళ్లు కడుక్కున్నాడు, నీళ్లు తాగాడు, బల్ల మీద కూర్చున్నాడు. మద్రాసాయన గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. నాపబండలకు ఇంత సెంటు పూసుకున్న మనిషి కాపలా ఎందుకా అని ఆలోచించాను. ఆలోచించడానికి పెద్ద సమయం పట్టలేదు. చెంగు దోపుకుని స్టేషన్‌కు పరుగెత్తాను.

ఎస్సై జీపు వేసుకుని పూజారి పల్లెకు పోయాడట, గుడి ఇంకోసారి చూడడానికి. స్టేషన్లో రైటరు, ఒక కానిస్టేబులు ఉన్నారు.

"రైటర్ సార్, దేవుడు బస్టాండులో ఉండాడు. బండల లారీలో."

"ఎవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలా. డ్రైవరు నన్ను చూసి ఉమ్మినాడు."

"నన్ను చూసి ఉమ్మేవాళ్లు గూడా శానామంది ఉండారు. వాళ్లందరి కాడా దేవుళ్లు ఉండారా?"

విన్నది విన్నట్టు మళ్లీ చెప్పాను. రైటరు కలం పక్కన పెట్టాడు. అప్పుడే ఆ పల్లె వైపు పోతున్న ట్రాక్టరును ఆపి, ఎస్సైని పిలుచుకు రమ్మని కానిస్టేబులును ఎక్కించాడు. మద్రాసు దోవన లారీ చాగలమర్రి దాటితే కడప జిల్లా, మా ఎస్సై చేయి అంతదూరం పోదు. "ఎస్సై వచ్చేదాంక ఆ లారీని నువ్వే ఆపుకో పేపరక్కా" అన్నాడు, వేళాకోళానికి. మూలన పూజారి కళ్లు తెరిచి నా వైపు చూశాడు. మాట్లాడే ఓపిక ఆయనకు లేదు.

"ఆపుతా" అన్నాను.

పోస్టాఫీసులో నంద్యాలకు ట్రంక్ కాల్ చేయించి, ఊరంతా వినపడేటట్టు అరిచాను. తెల్ల కారు కాదు సార్, బండల లారీ అంటే, అటువైపు నుంచి "బండలా, బండలెందుకు" అని వినిపించి లైను తెగిపోయింది. బస్టాండుకు తిరిగొచ్చేసరికి లారీ ఇంజను మోగుతోంది. టీ అంగడి ముందు ఒక బిందె ఖాళీగా కనిపించింది. అపశకునం ఎట్లాగూ అవుతున్నాను, నిండుగా అవుదామని ఆ ఖాళీ బిందె చంకన పెట్టుకున్నాను. పక్క సందున ముందుకు పోయి, చాగలమర్రి దిక్కు నుంచి రోడ్డు మధ్యన లారీకి ఎదురు నడిచాను.

బ్రేకు కిర్రుమంది. డ్రైవరు దిగి ముందు ఆకాశం చూశాడు, తరువాత బిందె చూశాడు.

"ఏందక్కా ఇది?"

"నీళ్లకు పోతాండానప్పా."

"బోరింగు అటుపక్క కదా ఉండేది."

"అది చెడిపోయింది. నీ దోవన నువ్వు బేగా పో. నేనేమన్నా అడ్డమా?"

"అడ్డమే అక్కా. నిన్ను మించిన అడ్డముందా?"

మద్రాసాయన కిటికీలోంచి తల పెట్టాడు. "ఏయ్, పక్కనుంచి పోనీ."

"నీళ్లు లేని బిందె, బొట్టు లేని మొగం, రెండూ ఒగేతూరి వచ్చినాయప్పా. నువ్వు నడుపుతావా? నేనైతే నడపను."

మళ్లీ కాళ్లు కడుక్కున్నాడు. నీళ్లు తాగాడు. రోడ్డు పక్కన కూర్చున్నాడు. నేను నీళ్లకు పోయినట్టే పోయి, ఇళ్ల వెనకనుంచి తిరిగి, అతను లేచి లారీ ఎక్కేసరికి మళ్లీ ఎదురొచ్చాను. అట్లా సంత వీధి కాడ ఒకసారి, ఆసుపత్రి కాడ ఒకసారి. బజారులో జనం చేరారు. ఏం జరుగుతోందో వాళ్లకు తెలియదు కానీ బాగుంది కాబట్టి చూస్తున్నారు. చివరికి డ్రైవరు గొంతు జీరపోయింది.

"కడిగి కడిగి కాళ్లు సలేస్తాండాయక్కా. నీళ్లు తాగి తాగి కడుపు ఉబ్బిపాయె. ఇన్ని నీళ్లు యాడికి పోతాండాయి నీకు?"

"మా ఇంట్లో చుట్టాలప్పా."

మద్రాసాయన చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. "కళ్లు మూసుకో. నేను దోవ చెప్తా, నువ్వు తిప్పు" అన్నాడు. డ్రైవరు నిజంగానే కళ్లు మూసుకున్నాడు. లారీ వెనక్కి పోయి, అరటిపండ్ల బండిని రాసుకుని, ఇంకో సందులోంచి మెల్లగా పెద్దరోడ్డెక్కింది. నేను బిందెతో ఇటుపక్కనే ఉన్నాను. చూస్తుండగానే చాగలమర్రి రోడ్డున పోయింది. అంతవరకూ నవ్వుతూనే ఉన్నాను. అప్పుడు నవ్వు పోయింది. ముసలాయన పగిలిన పెదాలు కళ్ల ముందుకు వచ్చాయి.

దేవుడు మేలు చేశాడు. చాగలమర్రి బస్సు వచ్చింది. కండక్టరు మా పేపరు చందాదారుడు.

"ఎక్కక్కా. బిందె ఎందుకు?"

"చెప్తా. ఆ బండల లారీని దాటుకోని పోమను."

బస్సు డ్రైవరుకు లారీలను దాటడానికి కారణం అక్కరలేదు, మాట చాలు. బస్సులో ముఖాలన్నీ కిటికీల వైపు తిరిగి ఉన్నాయి, నేను కనపడకుండా. లారీని దాటి చాలా ముందుకు పోయాక, రోడ్డు వార చేనులో ఆడవాళ్లు కలుపు తీస్తూ కనపడ్డారు. అక్కడ దిగాను. వాళ్లలో సగం మందికి బొట్టు లేదు. మా తాలూకాలో మగవాళ్లు కక్షలకు, పగలకు పోయేవాళ్లు, ఆడవాళ్లు కలుపుకు పోయేవాళ్లు. ఇంత చిన్న వయసులో ఇంతమందికి ఎందుకు అట్లా అయిందని అక్కడ ఎవరూ అడగరు.

గట్టు మీద నిలబడి పిలిచాను. "ఏమే, బొట్టు లేనోళ్లంతా రాండే. వచ్చే లారీకి ఎదురు పోదాం."

ఒకామె నడుం పట్టుకుని లేచింది. "ఎదురా? రావద్దనే కదక్కా అందురూ మొత్తుకునేది."

"ఈ పొద్దు రమ్మని పిలుస్తాండా."

"ఏమిటికి?"

"దాంట్లో గోపాలసామిని ఎత్తుకపోతాండారు. ఆడ అయ్యోరు కూడు లేక సస్తాండాడు."

అప్పుడు అందరికంటే పెద్దామె, చిన్నప్పుడే తాళి తెగిన మనిషి, ముఖం కడుక్కోకుండానే రోడ్డెక్కింది. "నన్ను ముందర పెట్టండే. మీరంతా నిన్నమొన్నటోళ్లు. అందరికంటే పాత అపశకునం నేను."

అది విని మొదలైంది నవ్వు. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా నిలబడి, చేతులు పట్టుకుని లారీకి ఎదురు నడిచాం. పెండ్లిండ్లకు ముందుకు రానీయని వాళ్లం, పురిటిండ్లకు పోతే తలుపు వేయించుకున్నవాళ్లం. ఎవరు ఎక్కడికి బయలుదేరినా చాటుకు తప్పుకుని తప్పుకుని నడిచినవాళ్లం. ఆ రోజు తారురోడ్డు నడిమధ్యన నడిచాం. ఒకామె నవ్వలేక కింద కూర్చుంటే ఇంకొకామె లేపింది. చిన్నామె ఒకటి, "అక్కా, వాడు ఆపకుంటే?" అంది. పెద్దామె, "ఆపకుంటే సస్తాం. ఆపితే నవ్వుతాం. నడువు" అంది.

మలుపు తిరిగి లారీ వచ్చింది. చాలా దూరంలోనే ఆగింది. డ్రైవరు దిగలేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు అట్లాగే ఉన్నాడు. ఆ తరువాత దిగి, తాళంచెవి చేనులోకి విసిరేసి, మా ముందర రోడ్డు మీద సాగిలపడ్డాడు.

"అమ్మల్లారా, అక్కల్లారా, నన్నేం చేయమంటారో చెప్పండి. ఈ లారీ ఇంగ నాకొద్దు."

మద్రాసాయన అరిచాడు, తమిళంలో. మాకు అర్థం కాలేదు కాబట్టి బాధ లేకపోయింది. పెట్టె తీసుకుని కాలినడకన బయలుదేరబోయాడు. పెద్దామె ఆ పెట్టె లాక్కుని కింద పెట్టి దాని మీద కూర్చుంది. "ఎండ శానా ఉంది నాయనా. యాడికి పోతావు? కూర్చో." మిగిలినవాళ్లం చుట్టూ నిలబడ్డాం. ఎటు తిరిగినా ఎదురే.

ఎస్సై జీపు వచ్చేసరికి రోడ్డున రెండు వైపులా బస్సులు ఆగిపోయి ఉన్నాయి. "ఎవరమ్మా ట్రాఫిక్ ఆపింది?" అంటూ దిగాడు. చెప్పాను. కానిస్టేబుళ్లు తాళ్లు విప్పి బండలు దించడం మొదలుపెట్టారు. ఒక బండ, ఇంకో బండ. గడ్డి, బండ. బండ, గడ్డి. ఎస్సై నా వైపు చూశాడు. ఆడవాళ్ల నవ్వు ఆగిపోయింది. లోపల ఏమీ లేకపోతే మా సంగతి అట్లా ఉంచండి, ముసలాయన మాట ఇంక ఎవరూ వినరు. అప్పుడు రోడ్డు మీద పడుకున్న డ్రైవరే తలెత్తాడు.

"మెల్లగ సార్. నడిమి బండలు కోసి గూడు చేసినాము. సామికి దెబ్బ తగులుతాది."

గడ్డి తీస్తే వేణువు చేయి కనపడింది. పెద్దామె పెట్టె మీదనుంచి లేవకుండానే రెండు చేతులూ ఎత్తింది. నేను డ్రైవరు పక్కన గొంతుక్కూర్చుని అడిగాను.

"ఏమప్పా, దేవుణ్ణే అమ్మను పోతాండావు. నన్ను చూసి ఇంత భయపడితివే?"

"సామి క్షమిస్తాడక్కా. శకునం క్షమించదు."

అంతలో నంద్యాల వైపు నుంచి తెల్ల కారు ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. నల్ల కళ్లద్దాల మనిషి దిగాడు. తెల్ల కారు కనిపిస్తే వదలొద్దని ఆడవాళ్లకు నేనే చెప్పి ఉన్నాను. అందరూ వెళ్లి చుట్టుకున్నారు. ఎస్సై కూడా ఆయన రెక్క పట్టుకున్నాడు. పెద్ద విలేకరి అద్దెకు మాట్లాడుకుని వచ్చిన కారు అది. "నేను పత్రిక మనిషిని, నన్ను వదలండి" అంటున్నాడు, కానీ ముఖం చూస్తే పట్టుకోవడం ఆయనకు బాగానే ఉన్నట్టుంది. నేను పోయి విడిపించాను. విగ్రహం చూసి ఆయన కళ్లద్దాలు తీసి, జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి పెట్టుకున్నాడు. "అంతర్జాతీయ ముఠా" అన్నాడు మెల్లగా. ఎన్నేళ్లకో తిరిగొచ్చిన స్నేహితుణ్ణి పలకరించినట్టు.

నిజంగానే అంతర్జాతీయ ముఠా. మద్రాసులో వాళ్ల గోదాము తెరిస్తే ఇంకా కొందరు దేవుళ్లు గడ్డిలో పడుకుని ఓడ కోసం చూస్తున్నారట. ఎనభైల్లో కూడా ఆ కేసు నడుస్తూనే ఉండేది. ఎక్కడెక్కడి పత్రికలవాళ్లో వచ్చి బస్టాండులో నా పక్కన కూర్చుని అడిగి పోయేవాళ్లు. అట్లా నాకు ఆ పని అంటుకుంది. విదేశీ గడియారాలన్నా, పెట్టెల అడుగున బంగారమన్నా, ఆఫీసువాళ్లు పేపరమ్మను కనుక్కోమనేవాళ్లు. మా వార్త మొదటి పేజీలో వచ్చింది. పెద్ద విలేకరి జరిగింది జరిగినట్టే రాసి పంపాడు, బిందెతో సహా. ఆఫీసులో ఒకాయనకు అది నమ్మకం కుదరలేదు. "లారీ ఇంజను చెడిపోవడంతో ముఠా పోలీసులకు చిక్కింది" అని మార్చి వేశాడు. పెద్ద విలేకరి ఆ పేపరు పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు. నేనైతే ఆ ముక్క కూడబలుక్కుని చదివి, ఇంజను నేనే కదా అని ఆళ్లగడ్డలో బస్సు దిగేదాకా నవ్వుకున్నాను.

ఆ పేపరులో రానిది ఇంకొకటి ఉంది. విగ్రహాన్ని సాయంత్రానికి స్టేషన్‌కు తెచ్చారు. పూజారిని వదిలేశారు. స్వామిని మాత్రం వదలరట. కేసు సొత్తు, కోర్టు చెప్పేవరకూ స్టేషన్లోనే ఉండాలట. ముసలాయన గోడ పట్టుకుని లేచాడు.

"ఈన్నే ఉంచుకోండి నాయనా. ముద్ద చూపిచ్చనీండి చాలు."

ఎస్సై వంగి తన బూట్లు తనే విప్పాడు. టోపీ, లాఠీ తీసేసి బల్ల తుడిపించారు. స్వామిని బల్ల మీద నిలబెట్టారు. భార్య పొంగలి గిన్నె తెచ్చింది. గంట లేదే అని పూజారి అటూ ఇటూ చూస్తే, రైటరు బయటికి పోయి, స్టేషన్లో వేళకు కొట్టే గంటను మోగించాడు. ఇప్పుడెంత వేళయిందో తెలియక బజారంతా అయోమయపడిందట. లాకప్పులోంచి లారీ డ్రైవరు కూడా చేతులు జోడించాడు.

కానిస్టేబుళ్లు ప్రసాదానికి చేతులు చాపారు. పూజారి వాళ్లను దాటుకుని గుమ్మం దాకా వచ్చాడు. నేనూ, కలుపు ఆడవాళ్లూ బయటే నిలబడి ఉన్నాం.

"లోపలికి రాండి తల్లీ."

"మీరు కానియ్యండి సామీ. మొదటి ప్రసాదం మాకెందుకు."

"మొదటిది మీకే. మీరు ఎదురు రాకుంటే స్వామి ఈ పాటికి సముద్రం మింద పోతాంటాడు."

మేం లోపలికి పోయి చేతులు చాపాం. పెద్దామె చేతి నుంచి మొదలుపెట్టి అందరికీ పెట్టాడు. ఆ తరువాత గోడ కింద కూర్చున్నాడు. భార్య ఆకులో పొంగలి వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. రెండో ముద్ద తొందరగా పోయింది. మూడోది ఇంకా తొందరగా. ఆకు ఖాళీ చేసి తలెత్తాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు భార్యతో. "స్వామి ఏమనలేదులే."

ఆమె కళ్లు తుడుచుకుంటూ, "అయితే చాల్నా?" అని అడిగింది.

ఆయన ఆకు ముందుకు జరిపాడు.